90 రోజుల తాడు

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది కడప జిల్లాలో ఒక పల్లె. బెంగళూరు వచ్చి పద్దెనిమిదేళ్లయింది. ఏడేళ్ల క్రితం ఉద్యోగం మానేసి మారతహళ్లిలో సొంత కంపెనీ పెట్టాను. చిన్న ఆస్పత్రులకు, మందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. ఇప్పుడు 46 మందిమి ఉన్నాం. సగానికి పైగా మనవాళ్లే, ఆఫీసంతా ఒక ఇల్లులా ఉంటుంది. గత ఏడాది 11 మందికి ఆఫర్లు ఇస్తే చేరింది ఐదుగురు. పోయిన నెల ఒక అబ్బాయి, మా ప్రొద్దుటూరు వైపు వాడే, చేరాలి. రిజైన్ చేశాక పాత కంపెనీలో చేయాల్సిన నోటీసు అయ్యేదాకా, అతని కోసం 90 రోజులు ఆగాం. ఆ సోమవారం ల్యాప్‌టాప్ సిద్ధం చేసి, స్వీట్లు కూడా తెప్పించి పెట్టాను. పదకొండైనా రాకపోతే ఫోన్ చేశాను. స్విచాఫ్. అదే నెలలో ఇద్దరు సీనియర్లు రిజైన్ చేశారు. ఒకరిది మైసూరు, ఒకరిది త్రిశూర్. త్రిశూర్ ఆయన జీఎస్టీ మాడ్యూల్ మొత్తం ఒక్కడే చూసేవాడు. ఇద్దరూ ఇంకా నోటీసులో ఉన్నారు. ఇంకో అబ్బాయి నోటీస్ పీరియడ్ సగంలో వదిలేసి పోయాడు. కోపమొచ్చి అతని చివరి నెల జీతం, రిలీవింగ్ లెటర్ ఆపేశాను. మా హెచ్ఆర్ కన్సల్టెంట్ నాలుగు పనులు చేయమంటున్నాడు. నోటీసు 60 రోజుల నుంచి 90కి పెంచడం, మధ్యలో వెళ్లిపోతే రెండు లక్షలు కట్టాలని బాండు, ఒరిజినల్ సర్టిఫికెట్లు మన దగ్గర పెట్టుకోవడం, వారానికి రెండు రోజులున్న ఆఫీసును ఐదు రోజులు చేయడం. మెత్తగా ఉంటే నెత్తికెక్కుతారంటాడు. నేను మరీ మెత్తనివాణ్ణా మేడమ్? ఆ స్విచాఫ్ అబ్బాయి నంబరు ఇంకా నా ఫోన్లో ఉంది. ఒకసారి చేసి కడిగేయాలని ఉంది. చేయమంటారా?

జవాబు: ముందు ఒక పని చేయండి. చదవడం ఇక్కడే ఆపి, మీ అకౌంటెంటుకు ఫోన్ చేసి, సగంలో వెళ్లిపోయిన ఆ అబ్బాయి జీతం వేయించండి. మిగతాదంతా తర్వాత మాట్లాడుకుందాం.

2025 నవంబర్ 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అందులో వేతనాల కోడ్ ఏం చెబుతుందంటే, మనిషి తనంతట తాను రిజైన్ చేసినా, మీరు తీసేసినా, రావాల్సిన జీతం రెండు పని దినాల్లో చేతికి అందాలి. వెనకటిలా 45 రోజులకో, రెండు నెలలకో ఫుల్ అండ్ ఫైనల్ చేస్తామనే రోజులు పోయాయి. మిగిలిన నోటీసుకు అతను కట్టాల్సింది ఉందని మీ అగ్రిమెంటులో రాసుకుని ఉంటే, ఆ లెక్క విడిగా వేసి కాగితం మీద చూపండి. అతను చేసిన పనికి డబ్బు బిగబట్టడం మాత్రం వేరే సంగతి. ఆ నెల పని అతను చేశాడు, మీ క్లయింట్ బిల్లు కట్టాడు.

ఇంకోటి కూడా చూసుకోండి. పీఎఫ్ పోర్టల్లో అతను వెళ్లిన తేదీ వేశారా? కోపంలో చాలామంది అది వేయరు. వేయకపోతే కొత్త కంపెనీ వాళ్లకు అతను రెండుచోట్ల పని చేస్తున్నట్టు కనిపిస్తుంది. రెండు నెలలాగితే ఆ తేదీ ఉద్యోగే స్వయంగా వేసుకోవచ్చు గానీ, ఆ రెండు నెలల్లోనే కొత్తచోట వెరిఫికేషన్ అయిపోతుంది. ఒక చిన్న గడి ఖాళీగా ఉంచినందుకు పాతికేళ్ల పిల్లాడు దొంగలా నిలబడి జవాబు చెప్పుకోవాలి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2013లో నేను కోరమంగళలో ఒక కంపెనీలో హెచ్ఆర్ మేనేజర్ని. ఉద్దానం వైపు అబ్బాయి ఒకడు మా దగ్గర టెస్టింగ్‌లో ఉండేవాడు. నాన్నకు కిడ్నీలు పోయాయి, వారానికి మూడుసార్లు డయాలసిస్, ఇంట్లో మగదిక్కు లేదు, 15 రోజుల్లో వదిలేయమని అడిగాడు. కుదరదన్నాం. 90 రోజులు చేయాలి, లేదా మూడు నెలల జీతం కట్టి పోవాలి. ఒక శుక్రవారం సాయంత్రం ఐడీ కార్డు టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు. మేం రికార్డులో 'అబ్‌స్కాండింగ్', అంటే చెప్పకుండా పారిపోయాడని రాశాం. ఆ మెయిల్ కింద నా పేరే ఉంది.

ఐదేళ్ల తర్వాత ఫోన్ చేశాడు. అప్పటికి నేను ఆ కంపెనీలో లేను. నాన్న పోయారట, తమ్ముడు చదువులో పడ్డాడట, మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటే మంచిచోట వచ్చిందట, వెరిఫికేషన్లో ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయిందట. 'మేడమ్, నేను మీకు గుర్తున్నానా' అన్నాడు. అంతకుమించి నన్ను ఒక్క మాట అనలేదు. నా సొంత పేరుతో లెటర్ రాసిచ్చాను, పాత కంపెనీలో తెలిసినవాళ్లను బతిమాలాను. రికార్డు మారలేదు. ఆ ఉద్యోగం పోయింది. మీ దగ్గర ఇప్పుడు ఆగి ఉన్న రిలీవింగ్ లెటర్ అలాంటిదే. అతను పనిచేసిన తేదీలు, చేసిన హోదా నిజమే కదా? అవి రాసి ఇచ్చేయండి. నోటీసు పూర్తి చేయలేదన్నది కూడా నిజమే కాబట్టి, రాయాలనుకుంటే ఆ ముక్క కూడా ఉన్నదున్నట్టు రాయండి. కాగితమే ఇవ్వకుండా మాత్రం ఆపకండి.

ఇప్పుడు మీ అసలు బాధకు వద్దాం. 11 ఆఫర్లు, ఐదుగురు. మీకిది మోసంలా కనిపిస్తోంది. నాకు కనిపించేది వేరు. ఒక అబ్బాయి వైపు నుంచి చూద్దాం, మీకే తెలుస్తుంది.

నాలుగేళ్ల అనుభవం, పెద్ద కంపెనీ, 90 రోజుల నోటీసు. జాబ్ పోర్టల్లో ప్రొఫైల్ పెట్టాడు. పిలిచేవాళ్లు లేరు. ఎందుకంటే రిక్రూటర్లంతా 'వెంటనే చేరేవాళ్లు', '15 రోజుల్లోపు', 'నోటీసులో ఉన్నవాళ్లు' అని ఫిల్టర్ పెట్టుకుని వెతుకుతారు. చేతిలో ఏమీ లేకుండా రిజైన్ చేద్దామా అంటే ఇంటి లోను ఉంది, ఊళ్లో అమ్మానాన్నలున్నారు. అప్పుడు మీలాంటి చిన్న కంపెనీ 'పరవాలేదు, 90 రోజులైనా ఆగుతాం' అని ఆఫర్ ఇస్తుంది. ఆ కాగితం ఇచ్చిన ధైర్యంతో రిజైన్ చేస్తాడు. చేసిన మర్నాడే ప్రొఫైల్లో 'నోటీసులో ఉన్నాను, చివరి పని దినం ఫలానా' అని మారుతుంది. ఇక చూడండి, ఫోన్లే ఫోన్లు. నిన్నటిదాకా కనిపించని మనిషి ఇవాళ అందరి ఫిల్టర్లోనూ మొదటివాడు. నెల తిరిగేసరికి రెండో ఆఫర్. రెండో నెలలో ఆ రెండూ చూపించి మూడోది. ఆఖరి వారంలో పాత మేనేజరే పక్కకు పిలిచి 'ఉండిపో, హైక్ ఇప్పిస్తా' అంటాడు.

ఏరు దాటాక తెప్ప తగలేశాడని మీకనిపించడం సహజం. కానీ ఏటికి అంత వెడల్పు ఎవరు పెట్టారు? ఆ 90 రోజులే. అంతకాలం ఒక మనిషిని అక్కడా ఇక్కడా కాకుండా గాలిలో వేలాడదీస్తే, చేతికందిన కొమ్మనల్లా పట్టుకుంటాడు. ఇప్పుడు మీ కన్సల్టెంట్ అదే తాడు మీ ఇంట్లోనూ కట్టమంటున్నాడు.

ఒక్కటి ఆలోచించండి. ఆరు నెలలు పనిచేసిన ఉద్యోగిని మీరు తీసేయాలనుకుంటే, 1961 నాటి కర్ణాటక దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం సరైన కారణం చూపమంటుంది, ఒక నెల నోటీసో నెల జీతమో ఇమ్మంటుంది. చట్టం మిమ్మల్ని అడిగేది నెల. మీరు వాళ్లను అడగబోయేది మూడు నెలలు. మీ దగ్గర చేరాలా వద్దా అని ఊగుతున్నవాడు మీ ఆఫర్ లెటర్లో ఆ గీత చదివితే ఏమనుకుంటాడు? 46 మంది ఉన్న కంపెనీలోకి వచ్చేవాడికి ఎలాగూ ఒక భయం ఉంటుంది, నిలబడుతుందో లేదోనని. మూడు నెలల తాడు చూస్తే ఆ భయం రెట్టింపవుతుంది.

నా మాట వినండి, 60ని 30కి దించండి. కొత్తవాళ్లకే కాదు, అందరికీ. ఆఫర్ లెటర్లో మొదటి పేజీలోనే రాయండి.

మీరేమంటారో తెలుసు. 'వెళ్లేవాళ్లు నెలలో పోతారు, వచ్చేవాళ్లు మూడు నెలలకు వస్తారు, మధ్యలో పని ఎవరు చేస్తారు?' న్యాయమైన ప్రశ్నే, తీసిపారేయను. కానీ 2025 సెప్టెంబర్ 22 గుర్తు తెచ్చుకోండి. జీఎస్టీ రేట్లు మారి, చాలా మందుల మీద 12 శాతం ఉన్నది 5కి దిగిన రోజు. మీ త్రిశూర్ సీనియర్ ఆ వారం ఎన్ని రాత్రులు ఇంటికి వెళ్లాడో మీకే తెలియాలి. ఆ మాడ్యూల్ ఆయనకొక్కడికే తెలుసని మీరే రాశారు. ఒక్క మనిషి తలలో ఉన్న పని 30 రోజుల్లో చేతులు మారదు, నిజమే. 90 రోజుల్లోనూ మారదు. ఎందుకంటే కేటీ, అంటే తెలిసిన పని ఇంకొకరికి అప్పగించడం, అనేది ఎక్కడైనా చివరి పది రోజుల్లోనే జరుగుతుంది. ముందు 80 రోజులూ ఆ మనిషి మనసు లేని పని చేస్తూ, పక్కవాళ్లకు 'నువ్వెప్పుడు?' అన్న ఆలోచన అంటిస్తూ కూర్చుంటాడు.

దానికి విరుగుడు నోటీసులో లేదు. వారానికి ఒక గంట, శుక్రవారం మధ్యాహ్నం పెట్టుకోండి. తెలిసినవాడు కుర్చీ పక్కన కూర్చోవాలి, తెలియనివాడు కీబోర్డు పట్టుకోవాలి. తెలిసినవాడు చేసి చూపించడం వద్దు, దాంతో ఎవరికీ ఏమీ రాదు. తెలియనివాడు ఒక మందుల షాపు రిటర్న్ బిల్లు తనే సరిచేయాలి, తప్పు చేయాలి, తెలిసినవాడు అక్కడ ఆపాలి. రెండు నెలలు అలా చేస్తే ఎవరు సెలవు పెట్టినా మీకు నిద్ర పడుతుంది. ఆయన వెళ్లేలోపు మిగిలిన వారాల్లో ఇది రోజూ చేయించండి.

కొత్తవాళ్లను తీసుకునే వరస కూడా కొంచెం మార్చండి. ఇంకా రిజైన్ చేయనివాళ్ల వెంట పడేకంటే, చివరి పని దినం రెండు మూడు వారాల్లో ఉన్నవాళ్లను చూడండి. అయితే వాళ్లలో చాలామంది చేతిలో అప్పటికే వేరే ఆఫర్ ఉంటుంది. మీకు జరిగింది మీరు ఇంకొకరికి చేయకండి. 'ఎవరికైనా మాట ఇచ్చారా? ఇచ్చి ఉంటే, ఇటు రావాలనుకుంటే వాళ్లకు ఈరోజే చెప్పండి' అని ముఖం మీదే అడగండి. అది చెప్పగలిగినవాడు రేపు మీకూ చెబుతాడు. చెప్పడానికి నసిగేవాడు మీ దగ్గరకొచ్చినా ఫోన్ స్విచాఫే.

ఇక బాండు. మీ కన్సల్టెంట్ చేతిలో 2025 మే నెలలో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు ఉండి ఉంటుంది. విజయా బ్యాంకు కేసు, మూడేళ్లు, రెండు లక్షలు. కోర్టు ఆ బాండు చెల్లుతుందన్న మాట నిజమే. ఎందుకు అన్నదో కూడా చూడాలి. అది ప్రభుత్వ బ్యాంకు. ఒక పోస్టు ఖాళీ అయితే మళ్లీ ప్రకటన ఇచ్చి, అందరికీ పోటీ అవకాశమిచ్చి, ఖర్చుపెట్టి నింపాలి. ఆ పరిస్థితిని కోర్టు లెక్కలోకి తీసుకుంది. ఉద్యోగంలో ఉన్నంతకాలం పెట్టే షరతుకూ, వెళ్లాక ఫలానాచోట చేరకూడదని పెట్టే షరతుకూ తేడా ఉందని కూడా చెప్పింది. ఆ రెండో రకం 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు నిలవదు. మీరు ఒక పిల్లాడికి నిజంగా లక్షన్నర పెట్టి కోర్సు చేయించి, ఏడాది ఉండమని రాయించుకుంటే అర్థముంది. ఏమీ ఖర్చు పెట్టకుండా రెండు లక్షలు రాయించుకుంటే కోర్టు మీకు జరిగిన నష్టమెంతని అడుగుతుంది. మీ లాయరు ఫీజు ఆ రెండు లక్షలు దాటుతుంది.

సర్టిఫికెట్లు? వద్దు. దీని మీద చర్చే వద్దు. అవి ఆ మనిషివి. సరిచూసుకుని అదే రోజు తిరిగి ఇచ్చేయాలి. డిగ్రీ పట్టా కుదవ పెట్టించుకునే కంపెనీ అని మారతహళ్లి పీజీల్లో ఒక్క మాట పాకితే చాలు, ఇక మీకు వచ్చేది ఎక్కడా దిక్కులేనివాళ్లే. మీరూ ఒకప్పుడు కడప నుంచి ఒక ఫైలు గుండెకు హత్తుకుని ఈ ఊరి బస్సు దిగి ఉంటారు కదా.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండోసారికి ఒకటి కళ్లబడింది. 'సగానికి పైగా మనవాళ్లే, ఇల్లులా ఉంటుంది' అన్నారు. కొన్ని వాక్యాల తర్వాత, వెళ్లిపోతున్న సీనియర్లిద్దరిదీ మైసూరు, త్రిశూర్ అన్నారు. ఈ రెండు వాక్యాలూ మీరే రాశారు, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నారా? ఆ ఇల్లు వాళ్లకు కూడా ఇల్లేనా?

నేను బయటి నుంచి ఊహిస్తున్నాను, తప్పయితే సరిదిద్దండి. మీటింగ్ ఇంగ్లిష్‌లో మొదలవుతుంది. చిక్కు ముడి దగ్గరకొచ్చేసరికి నలుగురూ తెలుగులోకి దిగుతారు, అక్కడే అసలు నిర్ణయం జరిగిపోతుంది. ఐదు నిమిషాల తర్వాత ఎవరో 'సారీ సారీ' అని ఒక్క ముక్కలో ఇంగ్లిష్‌లో చెబుతారు. ఆ ఐదు నిమిషాలు మీ త్రిశూర్ ఆయన ల్యాప్‌టాప్ వంక చూస్తూ కూర్చుంటాడు. మధ్యాహ్నం డబ్బాలు విప్పితే గోంగూర, ఆవకాయ, ఊరి కబుర్లు. ఎవరూ ఎవరినీ పొమ్మనరు. అయినా కొందరు వేరే టేబుల్ చూసుకుంటారు.

నా మొదటి ఉద్యోగం చెన్నైలో. టీమంతా తమిళం. మనుషులు బంగారం, నాకు జ్వరమొస్తే రసం కాచి తెచ్చినవాళ్లు. కానీ టీ దగ్గర వాళ్లు మాట్లాడుకున్నది సాయంత్రం నిర్ణయమై నా ముందుకొచ్చేది. రెండేళ్లకు తమిళం బాగానే పట్టుబడింది. అప్పటికే వెళ్లిపోవాలని తేల్చుకున్నాను. రిజైన్ చేస్తూ నేను రాసిన కారణం 'మెరుగైన అవకాశం'. ఇప్పుడు మీ ఇద్దరు సీనియర్లు రాసిందీ అదే అయి ఉంటుంది.

2024 జులైలో ప్రైవేటు కంపెనీల్లో మేనేజ్‌మెంట్ ఉద్యోగాల్లో 50 శాతం, మిగతావాటిలో 70 శాతం స్థానికులకివ్వాలన్న బిల్లుకు కర్ణాటక కేబినెట్ ఒప్పుకోవడం, పరిశ్రమల నుంచి గగ్గోలు లేవగానే పక్కన పెట్టడం మీకు గుర్తుండే ఉంటుంది. నారా లోకేశ్ ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్ వాళ్లను విశాఖ రమ్మని పిలిచినప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో ఎంత సంబరమో. ఆ రెండు రోజులు మీ ఆఫీసులో ఏం మాటలు నడిచాయో, మీ మైసూరు సీనియర్ చెవిన ఏం పడ్డాయో ఒకసారి తలుచుకోండి. ఇది ఆయన ఊరు. ఆయన ఊళ్లో మనం పెట్టుకున్న ఆఫీసు అది.

మనవాళ్లను తీసుకోవద్దని నేననడం లేదు. మీటింగులో ఒక్క తెలుగురాని మనిషి ఉన్నా, మీటింగ్ అయ్యేదాకా తెలుగు వద్దని మీరు, యజమానిగా, ముందు మీ నోటికే పెట్టుకోండి. మీరు జారితే అందరూ జారతారు. ఇద్దరూ ఇంకా నోటీసులోనే ఉన్నారన్నారు కదా. ఒక్కొక్కరినే బయటికి తీసుకెళ్లి కాఫీ ఇప్పించండి. 'ఎందుకు వెళ్తున్నావు' అని అడిగితే అదే తయారు జవాబు వస్తుంది. 'ఇక వెళ్లిపోవాలని మొదటిసారి అనిపించింది ఏ రోజు?' అని అడగండి. మీరు మాట్లాడకండి, వినండి. వాళ్లు ఆగకపోవచ్చు. ఆపడానికి కాకుండా తెలుసుకోవడానికే వెళ్లండి, లేకపోతే అది కౌంటర్ ఆఫర్ బేరమైపోతుంది.

ఐదు రోజుల ఆఫీసు గురించి ఎక్కువ చెప్పను. టీసీఎస్ 2023 అక్టోబర్ నుంచి వారమంతా రమ్మంది, మరికొన్ని పెద్ద కంపెనీలు రోజులు పెంచాయి, నిజం. జీతంలో మీరు వాళ్లతోనూ, దేశంలోకెల్లా ఎక్కువగా ఈ ఊళ్లోనే ఉన్న జీసీసీలతోనూ (విదేశీ కంపెనీలు ఇక్కడ పెట్టుకున్న సొంత ఆఫీసులు) పోటీ పడలేరు. వాళ్లు ఇవ్వలేనిది మీరు ఇవ్వగలిగేది ఇదొక్కటే, దాన్నే తీసేస్తానంటున్నారు. ఔటర్ రింగ్ రోడ్ సంగతి మీకు నేను చెప్పాలా? 2025 ఆగస్టులో మెట్రో ఎల్లో లైన్ వచ్చింది గానీ, బొమ్మసంద్ర వైపు నుంచి వచ్చేవాళ్లను అది సిల్క్ బోర్డు దగ్గర దించుతుంది, అక్కడి నుంచి మీ ఆఫీసు దాకా మళ్లీ ఆ రోడ్డే గతి. రెండు రోజులే ఉంచండి, కానీ అందరూ ఒకే రెండు రోజులు వచ్చేలా చూడండి. ఆ రెండు రోజులూ కలిసి చేసే పనులే పెట్టండి. శుక్రవారం గంట చెప్పాను కదా, ఒక రోజు అదవుతుంది.

ఆఫర్ లెటర్ గురించి మాత్రం కొంచెం ఓపిగ్గా వినాలి, ఎందుకంటే రాని ఆరుగురిలో కనీసం ఒకరిద్దరు ఇక్కడే జారి ఉంటారని నా అనుమానం. '12 లక్షల సీటీసీ' అని రాస్తారు, అంటే ఒక మనిషి మీద కంపెనీకి ఏడాదికయ్యే మొత్తం ఖర్చు. పిల్లాడు నెలకు లక్ష అనుకుంటాడు. లెక్క వేద్దాం. లక్షలో బేసిక్ సగం, 50,000. కొత్త కోడ్ ప్రకారం ఎలాగూ సగం ఉండాలి. కంపెనీ కట్టే పీఎఫ్ 6,000 సీటీసీలో కలిపేస్తారు. గ్రాట్యుటీ అని 2,405 కలుపుతారు, ఐదేళ్లుంటే గానీ చేతికి రానిది. వేరియబుల్ పది శాతం, అంటే నెలకు 10,000, ఏడాది చివర వస్తే వచ్చినట్టు. మిగిలింది 81,595. అందులో అతని వాటా పీఎఫ్ ఇంకో 6,000, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే, చేతికి 75,395. ఈ స్థాయికి కొత్త విధానంలో 2025-26 నుంచి ఆదాయపు పన్ను పడదు, అదొక్కటే ఊరట. లక్ష అనుకున్నవాడికి 75 వేలు. ఈ లెక్క అతనికి ఎప్పుడు తెలుస్తుంది? రెండో కంపెనీ రిక్రూటర్ ఫోన్లో 'ఇన్ హ్యాండ్ ఎంత?' అని అడిగినప్పుడు. ఆ క్షణంలో మీ మీద నమ్మకం పోతుంది, మీరు అబద్ధమాడకపోయినా సరే. పైన సీటీసీ కంటే పెద్ద అక్షరాల్లో 'నెలకు మీ ఖాతాలో పడేది ఇంత' అని రాయండి. పక్కన కూర్చోబెట్టి ఈ లెక్క మీరే వేసి చూపండి. అంకె చిన్నదవుతుంది, భయపడకండి.

ఆఫర్ ఇచ్చాక చేరేదాకా మీరేం చేస్తారో ఉత్తరంలో రాయలేదు. చాలాచోట్ల హెచ్ఆర్ నుంచి నెలకొక మెసేజ్ పోతుంది, 'చేరుతున్నారు కదా?' అని. అప్పులవాడి ఫోన్‌లా ఉంటుంది అది. అతను ఎవరితో పనిచేయబోతున్నాడో ఆ టీమ్ లీడ్ చేత చేయించండి. 'ఈ వారం మాకు ఒక ఆస్పత్రిలో ఇలాంటి చిక్కు వచ్చింది, నువ్వయితే ఏం చేసేవాడివి' అని అడగమనండి. ఒకసారి భోజనానికి పిలవండి. చేరే తేదీ మీద పట్టుబట్టకండి. మనవాళ్లు ఆషాఢమనో, అమావాస్య అనో, మంగళవారం వద్దనో అంటారు, అడగడానికి మొహమాటపడి ఊరుకుంటారు. 'ఇంట్లో ఏ రోజు మంచిదన్నారు?' అని మీరే అడగండి. బుధవారం చేరితే మీకు పోయేదేముంది? సంక్రాంతికి ఇక్కడ సెలవు ఒక్క రోజు, మనకు మూడు రోజుల పండుగ. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. నవంబర్ రెండో వారానికల్లా ఎవరెవరికి సెలవో తేల్చి చెబితే టికెట్ దొరుకుతుంది, జనవరిలో అబద్ధపు జ్వరాలు ఉండవు. అదే చేత్తో, వరమహాలక్ష్మికి, ఓనానికి అడిగేవాళ్లకూ ఇవ్వండి.

మధ్యలో మర్చిపోయేలా ఉన్నాను. 46 అన్నారు. 50 మంది అయ్యారంటే క్రెష్, అంటే ఉద్యోగుల పసిపిల్లలను చూసుకునే చోటు, ఏర్పాటు చేయాల్సి ఉంటుంది. మీరే కట్టక్కర్లేదు, పక్క కంపెనీలతో కలిసి పెట్టుకోవచ్చు. ఇప్పుడే చూసిపెట్టుకోండి. పిల్లలు పుట్టాక రెండు మూడేళ్లు ఇంట్లో ఉండిపోయిన ఇంజనీర్లు మీ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో ఎంతమందో. నోటీస్ పీరియడ్ లేనివాళ్లు, నాలుగు ఆఫర్లు పట్టుకుని తిరగనివాళ్లు. వాళ్లను మీరు వెతికారా?

మీరు మెత్తనివారా అని అడిగారు. కొత్తగా చేరే పిల్లాడి కోసం స్వీట్లు తెప్పించిన మనిషి మీరు. ఆ గుణం పోగొట్టుకోవద్దు, ఇన్నేళ్లలో అలాంటి యజమానులను నేను చాలా తక్కువమందిని చూశాను.

ఆ నంబరుకు ఫోన్ చేయండి. ఇవాళే వద్దు, మీ కోపం ఇంకా పచ్చిగా ఉంది. ఒక నెలాగి, ఏదో ఒక శనివారం ఉదయం పదకొండు ప్రాంతంలో చేయండి. తెలియని నంబరు నుంచి చేయొద్దు, మీ నంబరు నుంచే చేయండి. ఎత్తితే ఎత్తుతాడు. ఎత్తితే 'బాగున్నావా, కొత్తచోట ఎలా ఉంది' అని అడగండి. అతను సారీ చెప్పబోతాడు, చెప్పనివ్వండి, మధ్యలో అడ్డుపడకండి. ఆ తర్వాత ఒక్క ప్రశ్న అడగండి: 'ఆ మూడు నెలల్లో మేం ఏం చేసి ఉంటే వచ్చేవాడివి?' అతను చెప్పింది కాగితం మీద రాసుకోండి. వీలైతే ఆ కాగితంలో ఏముందో నాకూ రాయండి.